సముద్రానికి గట్టు ఎంత ఎత్తు

విమానాశ్రయం పక్కన ఉండేవాళ్ళే విమానం అందుకోలేరని నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. దూరం నుంచి వచ్చేవాళ్ళు భయంతో మూడు గంటల ముందే వచ్చి కూర్చుంటారు. మాకు ఆ భయం లేదు. మాది పాల్మాకుల. డాబా ఎక్కితే విమానాలు పొట్టలు చూపిస్తూ పోతాయి. కొత్తలో పనులు మానుకుని చూసేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి వాటికి పేర్లు పెట్టాం. పాలు పిండే విమానం, అన్నం వేళ విమానం, బడి విడిచే విమానం. అంత చనువు.

మా మామ సత్తయ్యకు ఆ చనువు మరీ ఎక్కువ. చెరువు కింద ఆయన దున్నిన నాలుగెకరాలు విమానాశ్రయం గోడ లోపలికి పోయాయి. ప్రతి విమానమూ తన మడిలోంచే లేస్తుందని ఆయన నమ్మకం. ఎవరు వద్దన్నా వినడు.

2009 ఫిబ్రవరిలో మా ఆయన మల్లేశ్వర్ విశాఖపట్నానికి రెండు విమానం టికెట్లు కొన్నాడు. ఆయనకు పాల్మాకుల చౌరస్తాలో బండ్లు బాగుచేసే షాపు ఉంది. చౌకగా ఇస్తున్నారని ఎవరో చెబితే మూడు నెలల ముందే కొని పెట్టుకున్నాడు. ఆ మూడు నెలలూ నేను నేల మీద నడవలేదు. నేను ఇంట్లో మిషను కుడతాను. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ, టేపు మెడ చుట్టూ వేసి మరీ చెప్పాను, విమానంలో సముద్రం చూడబోతున్నామని. అడిగినవాళ్ళకీ చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను. ఆ నోటికి తగిన శాస్తే జరిగింది.

ప్రయాణం శుక్రవారం. విమానం పన్నెండు నలభైకి. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం.

"పన్నెండు దాటినంక గడప దాటుండ్రి," అన్నాడు మామ. "గాలిల పొయ్యేటోళ్ళు. ఏమన్నయితే ఏం పట్టుకుంటరు?"

"ఎంత దూరం బాపు, పావుగంట," అన్నాడు మల్లేశ్వర్. "బిక్షం గాడు లోపల ట్రాలీలు తోస్తడు. మనోడే. ఫికర్ లేదు."

నేను కూడా సరేనన్నాను. పన్నెండు కొట్టాక అత్తమ్మ హారతి ఇచ్చింది. మా అత్తమ్మ భారతమ్మ ఏ పనీ సగంలో ఆపే మనిషి కాదు. కొబ్బరికాయ కొట్టింది, నుదుట బొట్టు పెట్టింది, దారిలో తినమని సకినాలు మూట కట్టింది. వాడకట్టంతా వాకిట్లోనే ఉంది. మామ పక్కకు పిలిచి నా చేతిలో ఒక ఖాళీ సీసా పెట్టాడు. తేనె సీసా, కడిగి ఎండబెట్టింది.

"జర సముద్రం తెచ్చి పెట్టు బిడ్డా," అన్నాడు. "నేనెట్ల పోయేది లేదు. నేను డాబా మీదికెల్లి తువ్వాల ఊపుత. ఎర్రది. కనబడుతదేమో చూడు."

పన్నెండు ఇరవైకి కౌంటర్ దగ్గరికి చేరాం. అక్కడి అమ్మాయి టికెట్లు చూసి, గడియారం చూసి, మా మూట చూసింది. "నలభై ఐదు నిమిషాల ముందే మూసేస్తామండీ," అంది.

"విమానం ఇంకా ఆడనే ఉన్నది గదమ్మా," అన్నాడు మల్లేశ్వర్. "మేం ఈడోళ్ళమే. పాల్మాకుల."

పాల్మాకుల అంటే తలుపు తెరుస్తారనుకున్నాడు పాపం. బస్సయితే చెయ్యెత్తితే ఆగుతుంది, ఊరివాళ్ళని చెబితే ఇంటి ముందు దింపుతుంది. ఇది అలాంటిది కాదని అక్కడ నిలబడ్డాక తెలిసింది. బిక్షం కోసం వెతికాం. ఆ రోజు వాడికి సెలవు. మా వెనక సూటు వేసుకున్న ఒకాయన, "ఊళ్ళో ఉండి లేటా" అని నవ్వాడు. నా చెవుల దాకా వేడెక్కింది.

బయటికొచ్చి నిలబడ్డాం. కాసేపటికి ఒక విమానం లేచి మా ఊరి వైపు తిరిగింది. "అదే మనది," అన్నాడు మల్లేశ్వర్. నేను దాన్ని చూడలేదు. డాబా మీద మామ, ఆయన చుట్టూ వాడకట్టు, గాల్లో ఎర్ర తువ్వాల నాకు కనబడుతున్నాయి.

తిరిగి ఇంటికి పోతే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు, ఒక వారం నవ్వి మరిచిపోయేవాళ్ళు. కానీ మూడు నెలలు టేపు మెడ చుట్టూ వేసి చెప్పిన నోటితో ఆ వాకిట్లోకి పోవడానికి నా కాళ్ళు రాలేదు. మల్లేశ్వర్ పోదామనే అన్నాడు. నేనే ఉప్పల్ బస్సెక్కించాను. అక్కడ మా చిన్నమ్మ ముత్తమ్మ ఉంటుంది. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని, నాలుగు రోజులు ఆమె ఇంట్లో తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం.

చిన్నమ్మ పక్కింట్లో అనకాపల్లి టీచరమ్మ కిరాయికి ఉండేది. విశాఖపట్నంలో చదువుకుందట. మేం అక్కడికి పోదామనుకుంటున్నామని చెబితే ఆవిడ సంబరపడిపోయింది.

"ముందు కైలాసగిరి ఎక్కండమ్మా. పైనుంచి సముద్రం వంపు తిరిగి కనపడుతుంది," అంది. "రుషికొండలో స్నానం చేయండి, ఆర్కే బీచ్‌లో మాత్రం దిగకండి, లోపలికి లాగేస్తుంది. శీతాకాలమైతే అరకులో వలిసె పూలు చూడాలి, కొండలకి పసుపు పూసినట్టుంటాయి. దారిలో బొర్రా గుహలు. వాటికి టైముంచుకోండి."

నేను బడిపిల్లలా అన్నీ మనసులో రాసుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నమంతా డాబా మీద ఎండలో కూర్చున్నాం, సముద్రం ఒడ్డున తిరిగినవాళ్ళు నల్లబడకుండా వస్తే ఎవరు నమ్ముతారని. చార్మినార్ దగ్గర గవ్వల దండలు కొన్నాం. ఇక సీసా మిగిలింది.

చిన్నమ్మ ఇంటి బోరు నీళ్ళు పట్టి, ఉప్పు డబ్బాలోంచి రెండు పిడికిళ్ళు వేసి ఊపాను. కరిగాక నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పగానే ఉంది. సముద్రం ఉప్పగా ఉంటుంది, ఇదీ ఉప్పగా ఉంది. నాకు తెలిసింది అంతే.

ఇంటికి రాగానే మామ అడిగిన మొదటి మాట, "తువ్వాల కనపడ్డదా?"

"కనపడ్డది మామా," అన్నాను. "ఎర్రగ. మస్తు మంచిగ కనపడ్డది."

ఆయన ముఖం చూడాల్సింది. వెనక్కి తిరిగి అత్తమ్మతో, "చెప్తి గద, కనపడుతదని," అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర ఆగినా బాగుండేది. అబద్ధానికి కాళ్ళుండవంటారు గాని, నాది మా ఇంట్లో రెండేళ్ళు తిరిగింది. సాయంత్రం మిషను పక్కన ముక్కాలి పీట వేసుకుని మామ కూర్చునేవాడు. సముద్రం గురించి అడిగేవాడు. ఆయన అడిగేవన్నీ చెరువు ప్రశ్నలు.

"గట్టు ఎంత ఎత్తుంటది?"

గట్టు సంగతి టీచరమ్మ చెప్పలేదు. ఇంత నీళ్ళకు గట్టు లేకుండా ఎట్లా ఉంటుంది? నేను చూసిన పెద్ద నీళ్ళు హిమాయత్‌సాగర్ ఒక్కటే. "రెండు తాటిచెట్ల ఎత్తు మామా. మీద కార్లు పోతయి," అన్నాను.

"తూము ఏడున్నది? అలుగు ఎటు పారుతది?"

"అలుగు అవతలి దిక్కు. మాకు కనపడలే."

"గంత నీళ్ళకు ఎంత ఆయకట్టు ఉండాలె," అని ఆయన కళ్ళు మూసుకునేవాడు. ఉప్పు నీళ్ళకు ఆయకట్టు ఉండదన్న మాట ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇద్దరమూ చెరువు కింద పుట్టినవాళ్ళమే.

సీసాను అత్తమ్మ దేవుడి గూట్లో పెట్టింది. శుక్రవారం శుక్రవారం దానికి కూడా బొట్టు పెట్టేది. "గోదారి అండ్లనే, కృష్ణ అండ్లనే, కాశిల గంగ గూడ అండ్లనే కలుస్తది. అన్ని గంగలు ఈ సీసల ఉన్నయి," అని వచ్చినవాళ్ళకు చెప్పేది. ఎవరికైనా జ్వరం వస్తే ఒక చుక్క నెత్తిన చల్లేది. నేను మిషను తొక్కుతూ తల వంచుకునేదాన్ని. దారం తెగకపోయినా తెగినట్టు సూదిలోకి చూసేదాన్ని.

2011 వానాకాలంలో మామకు ఊపిరి అందకుండా పోయింది. దవాఖానలో వారం పెట్టుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తెచ్చిన మర్నాడు పొద్దున పది గంటలప్పుడు కళ్ళు తేలేశాడు. చుట్టూ చేరిన దాయాదులు, మా పాలివాళ్ళు, తులసి నీళ్ళు తెమ్మన్నారు. అత్తమ్మ లేచి దేవుడి గూట్లోంచి సీసా తెచ్చింది.

నేను గడపలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు. వద్దత్తమ్మా, తులసి నీళ్ళే పొయ్యి, అంటే చాలు, ఎందుకని ఎవరూ అడిగే పరిస్థితి కూడా కాదు. అత్తమ్మ మూత తీసి, చెంచాలో పోసి, ఆయన పెదాల మధ్య వంచింది. ఆయన గుటక వేశాడు. కళ్ళు తెరిచి అత్తమ్మను చూశాడు.

"ఉప్పగున్నది," అన్నాడు.

నవ్వాడు కూడా. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. మధ్యాహ్నం పోయాడు.

మా వాళ్ళలో పూడ్చిపెట్టడమే ఆనవాయితీ. సొంత పొలంలో పెట్టమని అడిగేవాడు గాని ఆ పొలం గోడ లోపల ఉంది. గోడకు ఇవతల పాలివాళ్ళ మెట్ట చెలక ఉంటే అక్కడ పెట్టాం. పదకొండు రోజులూ వచ్చినవాళ్ళందరికీ అత్తమ్మ ఒకటే చెప్పింది, "ఆఖరికి సముద్రం తాగి పోయిండు. నా కోడలు తెచ్చింది." వాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూసేవాళ్ళు. మంచి కోడలని నా వీపు నిమిరినవాళ్ళు కూడా ఉన్నారు. కొరడాతో కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

మరుసటి ఏడాది డిసెంబరులో మా పొదుపు సంఘం ఆడవాళ్ళు విశాఖపట్నం యాత్ర పెట్టుకున్నారు. మా సంఘం లీడరు అమృతమ్మక్క. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. పదకొండు మందిమి, రైల్లో.

"మంజుల ముందల నడుస్తది, మనం ఎనక నడుద్దం," అంది అక్క. "అన్నీ చూసొచ్చిన మనిషి మనకుండంగ గైడెందుకు?"

నాకు కుట్టుపని ఉందన్నాను. అత్తమ్మను చూసుకోవాలన్నాను. "నేను గూడ వస్తున్న," అంది అత్తమ్మ. "మీ మామ చూడలే. నేనన్న చూడాలె." ఇక నాకు అడ్డు చెప్పే దారి లేదు.

పొద్దున విశాఖపట్నం స్టేషన్‌లో దిగి, చిన్న బస్సు మాట్లాడుకుని, అమృతమ్మక్క అనుకున్నట్టే ముందు అరకు వైపు పోయాం. సముద్రం రెండో రోజు. నాకు ఒక రోజు గడువు దొరికినట్టయింది.

కొండల మీదికి బస్సు ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయాయి. డ్రైవరు ఒక మలుపులో ఆపాడు. కిందంతా లోయ, మంచు ఇంకా విడవలేదు. దాని మీద ఎండ పడి పాల మీగడలా మెరుస్తోంది. ఆడవాళ్ళు కిటికీలకు అతుక్కుపోయారు. నేను ఇదంతా ముందే చూసినదాన్నాయె, ఆశ్చర్యపోవడానికి కూడా నాకు లేదు. గొంతులోకి వచ్చిన మాటను మింగి, "మేం వచ్చినప్పుడు గింత మంచు లేకుండె," అన్నాను. జీవితంలో మొదటిసారి కొండలు చూస్తూ విసుగు నటించాను. అంతకన్నా దరిద్రం ఏముంటుంది?

బొర్రా గుహల దగ్గర మొదటి దెబ్బ తగిలింది. గుహలంటే కొండ ఎక్కాలని నేను ఊహించి ఊళ్ళో చెప్పాను. ఇక్కడేమో మెట్లు కిందికి దిగుతున్నాయి, దిగుతూనే ఉన్నాయి.

"పైకెక్కాలె, మోకాళ్ళు పట్టుకుంటయి అన్నవు గదనే?" అంది అమృతమ్మక్క.

"అప్పుడు వేరే దారి ఉండె," అన్నాను.

లోపల పైకప్పు ఎంత ఎత్తంటే మాటలు తిరిగి మన మీదే పడుతున్నాయి. పైనుంచి దిగిన రాళ్ళు ఆవు పొదుగుల్లా వేలాడుతున్నాయి. వాటి కొసల నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. అత్తమ్మ ఒక చుక్క అరచేతిలో పట్టి నోట్లో వేసుకుంది. ఏ నీళ్ళు కనబడినా రుచి చూడటం ఆమెకు అలవాటు. బావి తవ్వినా, బోరు వేసినా మా ఊళ్ళో మొదటి గుక్క ఆమెకే ఇస్తారు, మంచి నీళ్ళో ఉప్పు తేలే సవ్వ నీళ్ళో చెబుతుందని. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆ గుహలో ఆమె నాలుక చప్పరించడం చూశాకే నాకు తట్టింది. సముద్రాన్ని కూడా ఆమె రుచి చూస్తుంది.

అరకులో వలిసె పూలు విరగబూసి ఉన్నాయి. టీచరమ్మ చెప్పినట్టే, ప్రతి కొండ వాలుకీ పసుపు పూసినట్టుంది. మా ఆడవాళ్ళు ఫోటోల కన్నా ముందు చేనులోకి దిగి మట్టి పిసికి చూశారు. ఎర్రమట్టి, మనదానిలాగే ఉందన్నారు. ఒక గిరిజనామె నవ్వుతూ గింజలు చూపించింది, నూనె తీస్తారట. అత్తమ్మ ఆ గింజలు నాలుగు కొంగున కట్టుకుంది. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు ఆ పూలలో నిలబడితే ఏడుపొచ్చింది. మేం పోయామన్న ఎండాకాలం ఇవి పూసే కాలం కాదన్న సంగతి కూడా తట్టక, రెండేళ్ళు మామకు ఈ పూలు ఎంత బాగా వర్ణించాను. ఆయన ఎంత శ్రద్ధగా విన్నాడు.

రెండో రోజు కైలాసగిరి. ఎండ కాస్తోంది, డిసెంబరని చెప్పుకోవడానికి కూడా లేదు. కొండ మీద కమ్మీల దగ్గరికి చేరేసరికి సముద్రం ఒక్కసారిగా బయటపడింది. నీలంగా, కొండ కింద వంపు తిరిగి, కంటికి ఆనినంత మేరా అదే. అలలు తెల్లటి అంచులా ఒడ్డుకు కుట్టుకుంటున్నాయి. నేను కమ్మీ పట్టుకున్నాను. ఎంత పెద్దదాని గురించి ఎంత చిన్న అబద్ధాలాడానో అప్పుడు తెలిసింది.

అత్తమ్మ ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ చూసింది. చెరువును చూసినట్టే చూసింది.

"గట్టేది మంజులా?" అంది.

ఎవరూ నవ్వలేదు, ఎవరికీ అర్థం కాలేదు. నాకు ఒక్కదానికే అర్థమైంది. "రెండు తాటిచెట్ల ఎత్తన్నవు మీ మామతోని," అంది మళ్ళీ.

"అటు దిక్కుంటది అత్తమ్మా," అని కొండల వైపు చెయ్యి చూపించాను. ఆమె అటు చూసింది.

పదకొండు గంటలకు రుషికొండ చేరాం. ఇసుక కాళ్ళకు వెచ్చగా తగిలింది. అమృతమ్మక్క చీర మోకాళ్ళ దాకా ఎత్తి అలలోకి పరుగెత్తింది, యాభై ఏళ్ళ మనిషి. మిగిలినవాళ్ళు ఆమె వెనక. అత్తమ్మ మెల్లగా నడిచింది. మొదటి అల పాదాల మీదికి వచ్చి కింద ఇసుక లాక్కుపోతే నా భుజం పట్టుకుంది. పసుపు కుంకుమ వేసింది. దణ్ణం పెట్టింది. తర్వాత వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని, కళ్ళకద్దుకుని, తాగింది.

ముఖం ముడుచుకుంది. మళ్ళీ వంగింది, మళ్ళీ తాగింది. నాలుక చప్పరించింది.

"చేదున్నది," అంది. "ఉప్పు గాదు. చేదు. గా సీసల నీళ్ళు గిట్ల లేకుండె."

అమృతమ్మక్క దగ్గరలోనే ఉంది. "పాతబడితే చేదు దిగిపోతది భారతమ్మా. ఎన్నేండ్ల నీళ్ళు అవి," అంది. పాపం, ఆమెకేం తెలుసు.

"గంతేనా మంజులా?" అంది అత్తమ్మ.

అవును అన్నట్టు తల ఊపాను. ఇంత దూరం వచ్చి, నిజమైన సముద్రంలో మోకాళ్ళ దాకా నిలబడి, మళ్ళీ అబద్ధమే ఆడాను.

అత్తమ్మ ఊపిరి పీల్చుకుంది. "మంచిది," అంది. "మరి నాకు ఈ కొత్త నీళ్ళు వద్దు బిడ్డా. సీసల ఇంక సగం ఉన్నయి. నేను పొయ్యేనాడు నా నోట్ల గవే పొయ్యి. మీ మామ తాగినయే. యాదికుంచుకో."

అమృతమ్మక్కను ఎవరో ఫోటోకు పిలిస్తే అటు పోయింది. మేమిద్దరమే మిగిలాం. అల వచ్చి పోతుంటే అత్తమ్మ మళ్ళీ నా భుజం పట్టుకుంది. రేపో, పదేళ్ళకో, అత్తమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, ఆ సీసా మూత నా చేత్తో తీసి, ఉప్పల్ బోరు నీళ్ళు ఆమె నోట్లో పొయ్యాలి. అది నా వల్ల కాదు. మంచితనం కాదు, ధైర్యం కాదు. ఒక్కసారి చూసినదాన్ని మళ్ళీ చూడలేను, అంతే.

"అవి సముద్రం నీళ్ళు గావు అత్తమ్మా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"మేం ఈడికి రాలే. విమానం ఎక్కలే. పోయేసరికి మూసేసిన్రు. నాలుగు రోజులు ఉప్పల్ల ఉన్నం. గవి చిన్నమ్మ ఇంట్ల బోరు నీళ్ళు. నేనే ఉప్పు కలిపిన. మీ కొడుకు ఇంటికి పోదామన్నడు, నేనే వద్దన్న."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"దొడ్డుప్పా, సన్నుప్పా?" అంది.

"దొడ్డుప్పు."

"గదే అనుకున్న," అంది మెల్లగా, ఒక లెక్క తేలినట్టు. "మరి తువ్వాల?"

నేను అలల వైపు తిరిగాను.

"ఎర్ర తువ్వాల కనపడ్డది అన్నవు."

"కనపడలే అత్తమ్మా."

"చెయ్యి గుంజేదాక ఊపిండు," అంది అత్తమ్మ. "ఇగ పోయింది, కనబడదు, దిగు అంటే దిగలే. రెండు రోజులు భుజానికి నూనె రాసిన."

నా భుజం మీది నుంచి చెయ్యి తీసేసింది. అలల్లో తనంతట తనే నిలబడింది.

ఆ మధ్యాహ్నం రోడ్డు పక్కన ఒక నీళ్ళ సీసా కొని, నీళ్ళు పారబోసి, సముద్రం పట్టుకుంది. రైల్లో దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది. నేను పులిహోర పెడితే అమృతమ్మక్క చేతిలోంచి తీసుకుంది. ఆడవాళ్ళు గుహల మెట్ల గురించి నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు. అత్తమ్మ వాళ్ళకు ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా పరువు గంగలో కలిసేది. చెప్పకపోవడం అంతకన్నా బరువుగా ఉంది.

ఇంటికొచ్చాక తేనె సీసాను గూట్లోంచి తీసి, బోరు దగ్గరికి పోయి వంచేసింది. సీసాను బూడిదతో తోమి బోర్లించింది. మల్లేశ్వర్ చూసి ఏందని అడిగితే, "పాతబడ్డయి" అంది. నాతో మూడు రోజులు మాటల్లేవు. అన్నం వండితే తింది, మంచినీళ్ళిస్తే తాగింది. పేరు పెట్టి మాత్రం పిలవలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కావస్తుంటే మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. "లెవ్వు," అంది. చేతిలో విశాఖపట్నం సీసా ఉంది.

చెలకలోకి నడిచాం. మామ సమాధి మీద గడ్డి మొలిచింది. అవతల గోడ, గోడ మీద ముళ్ళ తీగ. దాని వెనక ఎక్కడో ఆయన మడి. అత్తమ్మ గడ్డి పీకి, తల వైపు చదును చేసి, పక్కన కూర్చుంది. సీసా నా చేతికిచ్చింది.

"పొయ్యి."

"నేనా అత్తమ్మా?"

"నువ్వు తెస్తనన్నవు. నువ్వే పొయ్యి."

మూత తీసి పోశాను. ఎండిన మట్టి గుటకలేసినట్టు పీల్చుకుంది. సీసా అంతా అయిపోయింది.

"ఇగ చెప్పు," అంది.

"ఏం చెప్పాలె?"

"నాకు చెప్పిందే. ఆయనకు చెప్పు. తువ్వాల కాడికెల్లి చెప్పు."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. మామా, అన్నాను. మేం ఆ విమానంల లేము, అన్నాను. అప్పుడే గోడ అవతల నుంచి రొద మొదలైంది. అన్నం వేళ విమానం. నేల అదిరింది. నేను ఆపలేదు. ఆ చప్పుడులో నా మాట నాకే వినబడటం లేదు, అందుకే నోరు తేలిగ్గా ఆడింది. తువ్వాల, బోరు, ఉప్పు, గట్టు, అలుగు, అన్నీ గబగబా చెప్పేశాను. విమానం పొట్ట మా మీదుగా పోయేసరికి నాది అయిపోయింది. బరువు దిగిందనుకుని లేవబోయాను.

రొద సన్నగిల్లి ఆగిపోయింది. చెలకంతా నిశ్శబ్దంగా ఉంది. అత్తమ్మ కదలలేదు.

"కూసో," అంది. "ఆయనకు ఇనపడలే. మళ్ళ మొదటికెల్లి చెప్పు."